అల్సాస్ వైన్‌ని అర్థం చేసుకోవడం ఎలా: కొండ దగ్గర మొదలుపెట్టి గ్లాసు దాకా

కొన్నేళ్ల కిందట ఇంట్లో చేపల వేపుడు చేసుకుని, పక్కన బాగుంటుందని పినో గ్రీ అనే అల్సాస్ తెల్లవైన్ సీసా ఒకటి తెచ్చాను. సన్నగా, పొడుగ్గా, భుజాలు లేకుండా మెడ నుంచి నున్నగా జారే ఆకుపచ్చ సీసా. లేబుల్ మీద ద్రాక్ష పేరుంది, తోట పేరుంది, సంవత్సరం ఉంది. లోపలున్నది తియ్యగా ఉంటుందో లేదో మాత్రం ఎక్కడా లేదు. గ్లాసులో పోయగానే తేనె, బాగా మగ్గిన పియర్ పండు వాసన. తాగితే తీపి. వైన్‌లో ఏ లోపమూ లేదు, ఆ తోట పేరుకు తగ్గట్టు చాలా బాగుంది. చేప కూడా బాగుంది. రెండూ కలిస్తే మాత్రం ఒకదాన్నొకటి పాడుచేసుకున్నాయి.

ఆ రోజు నుంచి అల్సాస్‌ని పట్టుకుని వదల్లేదు. ఫ్రాన్స్‌లో ఇంత సూటిగా ద్రాక్ష పేరు లేబుల్ మీద రాసే ప్రాంతం ఇంకోటి దొరకడం కష్టం. అయినా ఇంతగా అపార్థమయ్యే ప్రాంతమూ తక్కువే. సీసా చూస్తే జర్మనీది అనిపిస్తుంది, పేర్లు నోరు తిరగవు, తీపి సంగతి తెలీదు. చాలామంది అక్కడే ఆగిపోతారు. నా అనుభవంలో సులువైన దారి ఒకటుంది: సీసాతో మొదలుపెట్టకుండా కొండతో మొదలుపెట్టడం. కొండ తెలిస్తే ద్రాక్ష అర్థమవుతుంది, ద్రాక్ష తెలిస్తే లేబుల్ చదవడం వస్తుంది. అదే వరుసలో వెళ్దాం.

1. ముందు మ్యాప్ తెరిచి కొండని చూడండి

ఫ్రాన్స్ ఈశాన్య మూలకి వెళ్లండి. తూర్పున ఉత్తర దక్షిణాలుగా పారే రైన్ నది కనిపిస్తుంది. నదికి అవతలి ఒడ్డు జర్మనీ. పడమర వైపు నదికి సమాంతరంగా వోజ్ పర్వతాలు. వాటిలో ఎత్తైన శిఖరం గ్రాఁ బలాఁ, 1,424 మీటర్లు. ఈ పర్వతాల తూర్పు పాదాల వెంట, ఉత్తరాన మార్లెన్‌హైమ్ నుంచి దక్షిణాన తాన్ దాకా, సన్నటి పట్టీలా సాగేదే అల్సాస్ ద్రాక్ష ప్రాంతం. పొడవు వంద కిలోమీటర్లు దాటుతుంది, వెడల్పు చాలాచోట్ల కొద్ది కిలోమీటర్లే. మొత్తం తోటలు సుమారు 15,000 హెక్టార్లు. స్ట్రాస్‌బూర్ పెద్ద నగరం, కోల్మార్ వైన్‌కి గుండెకాయ.

ఇప్పుడు వాన సంగతి. అట్లాంటిక్ నుంచి వచ్చే మేఘాలు పడమర నుంచి వోజ్ పర్వతాలను ఎక్కుతూ తమ నీళ్లన్నీ అక్కడే కుమ్మరిస్తాయి. పైన కొన్ని చోట్ల ఏడాదికి 2,000 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. కొండ దాటి కిందికి దిగేసరికి గాలి పొడిబారిపోతుంది. కోల్మార్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 600 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఫ్రాన్స్‌లో అతి తక్కువ వాన పడే ఊళ్లలో అదొకటి.

బడిలో వర్షచ్ఛాయా ప్రాంతం అని చదువుకున్నాం కదా, ఇది అదే. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేస్తే అనంతపురం ఎండుతుంది. అనంతపురం సగటు వాన కూడా ఇంచుమించు 550 మిల్లీమీటర్లే. ఆ అంకె చూసి కోల్మార్ కూడా కరువు నేల అనుకోకండి. కోల్మార్ 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఎండ మన ఎండంత తీక్షణంగా ఉండదు, చలికాలం గడ్డకట్టిస్తుంది, నేలలో తడి చాలాకాలం నిలుస్తుంది. మన దగ్గర వేరుశనగ రైతుని ఏడిపించే అదే కొరత అక్కడ ద్రాక్షకి వరం. కోత రోజుల్లో వాన తక్కువైతే కాయ కుళ్లదు, రైతు తొందరపడి కోయక్కర్లేదు, సెప్టెంబర్ దాటి అక్టోబర్ దాకా తీగ మీదే ఉంచి పండనివ్వచ్చు.

ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకోండి. ఇక్కడ పగలు వేడిగా, రాత్రి చల్లగా ఉంటుంది. పగటి ఎండకి కాయలో చక్కెర పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు కరిగిపోకుండా మిగులుతుంది. అల్సాస్ వైన్‌లో పక్వమైన పండు రుచి, నిమ్మలాంటి చురుకు రెండూ పక్కపక్కనే ఉండటానికి కారణం ఇదే.

కష్టం లేదని కాదు. వసంతంలో చిగురు వేశాక మంచు పడితే ఏడాది పంట పోతుంది. 2017 ఏప్రిల్‌లో అలాగే దెబ్బతింది. అందుకే ఇక్కడ తీగల్ని నేలకి దగ్గరగా కాకుండా ఎత్తుగా కట్టిన ఇనుప తీగెల వరసల మీద పాకిస్తారు. చల్లగాలి నేల మీదే బరువుగా పేరుకుంటుంది కాబట్టి చిగుళ్లు దానికి కాస్త పైన ఉంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షని పందిళ్ల మీద పెంచడం చూసినవాళ్లకి ఈ నిలువు వరసలు కొత్తగా అనిపిస్తాయి. మన పందిరి కాయకి నీడ ఇస్తుంది. అక్కడ ఒక్క ఎండ కిరణం కూడా వృథా కాకూడదు.

2. కాళ్ల కింద నేల చూడండి

తొందరలో ఉంటే ఈ మెట్టు దాటేయొచ్చు. నన్నడిగితే మాత్రం అల్సాస్ అసలు సంపద ఇక్కడే ఉంది.

కోట్ల ఏళ్ల కిందట వోజ్ పర్వతాలూ, రైన్‌కి అవతలున్న జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ కొండలూ ఒకే గుట్టగా ఉండేవి. మధ్యలో నేల కుంగిపోయి లోయ ఏర్పడింది, ఆ లోయలోనే ఇప్పుడు రైన్ పారుతోంది. కుంగిన చోట అంచులు ముక్కలుముక్కలుగా విరిగాయి. అందుకే ఇక్కడ ఒక ఊరి తోటలో గ్రానైట్, పక్క ఊళ్లో సున్నపురాయి, ఆ పైన ఇసుకరాయి, ఇంకాస్త దూరంలో పలకరాయి, దక్షిణాన అగ్నిపర్వత శిల కనిపిస్తాయి. కిలోమీటరు నడిస్తే నేల మారిపోతుంది. స్ట్రాస్‌బూర్ కేథడ్రల్‌కి ఆ గులాబీ రంగు ఇచ్చింది కూడా వోజ్ ఇసుకరాయే.

కైజెర్స్‌బెర్గ్ దగ్గర ష్లోస్‌బెర్గ్ అనే వాలు ఉంది. ఆ వాలు మీద నిలబడి ఒక గుప్పెడు మట్టి తీస్తే అది మట్టిలా ఉండదు. చితికిన గ్రానైట్ గరుకు ఇసుక, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, ఎండ పడితే అభ్రకపు రేకులు తళుక్కుమంటాయి. నీళ్లు పోస్తే నిలవవు. నేల త్వరగా వేడెక్కుతుంది. రాళ్లు పేర్చి కట్టిన మెట్ల మీద తీగలు వేళ్లను పగుళ్లలోకి దించుకుని బతుకుతాయి. ఇక్కడ రీస్లింగ్ అనే తెల్లద్రాక్షతో చేసిన వైన్ చిన్నప్పుడే పూలవాసనతో విచ్చుకుంటుంది, నాలుక మీద సన్నగా, సూటిగా వెళ్తుంది.

సున్నం, బంకమన్ను కలిసిన నేలలో పండిన అదే రీస్లింగ్ మొదటి రెండు మూడేళ్లు ముడుచుకునే ఉంటుంది. దాని పులుపు వెడల్పుగా తగులుతుంది, వయసు పెరిగేకొద్దీ విప్పారుతుంది. హునావీర్ ఊరి రోసాకెర్ తోటలో సున్నపు నేలే. అందులోని ఒక చిన్న ముక్క నుంచే త్రింబాక్ కుటుంబం క్లో సాంత్ ఉన్ అనే రీస్లింగ్ చేస్తుంది. ప్రపంచంలో ఎక్కువ కాలం నిలిచే డ్రై, అంటే తీపి లేని, తెల్లవైన్లలో దాని పేరు తప్పకుండా చెబుతారు.

దక్షిణ కొసన, తాన్ ఊరి మీద నిటారుగా లేచే రాంగెన్ తోట అగ్నిపర్వత శిల మీద ఉంది. నల్లటి రాయి ఎండని పట్టి ఉంచుతుంది, కింద త్యూర్ నది. నడుముకి తాడు కట్టుకుని పని చేయాల్సినంత వాలు. అక్కడి వైన్‌లో పొగ వాసన తగులుతుంది. ఆండ్లో ఊళ్లోని కాస్టెల్‌బెర్గ్ పలకరాయి నేల, దాని మీద రీస్లింగ్ ఒక్కటే వేస్తారు.

రాయి రుచి నేరుగా వైన్‌లోకి వస్తుందని నేను అనను. నేల ఎంత నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎంత త్వరగా వేడెక్కుతుంది, తీగ ఎంత కష్టపడుతుంది అన్నవే కాయని మారుస్తాయి. ఒకే రైతు చేసిన గ్రానైట్ రీస్లింగ్, సున్నపు నేల రీస్లింగ్ పక్కపక్కన పెట్టుకుని తాగితే ఆ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

3. ద్రాక్షల్ని పేరుపేరునా పరిచయం చేసుకోండి

అల్సాస్‌లో దాదాపు 90 శాతం తెల్లవైనే. లేబుల్ మీద ఒక ద్రాక్ష పేరుంటే సీసాలో ఆ ద్రాక్ష నూరు శాతం ఉండాలి, అది నియమం. ఒక్కో రకం స్వభావం తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

రీస్లింగ్ ఇక్కడి రాజు. నిమ్మ, పచ్చి యాపిల్, తెల్లపూలు. చురుకైన పులుపు. జర్మనీ రీస్లింగ్ తియ్యగా ఉంటుందన్న పేరుంది కానీ అల్సాస్‌లో ఎక్కువగా తీపి లేని డ్రై పద్ధతిలోనే చేస్తారు. కొన్నేళ్లు నిల్వ ఉంటే ఒక విచిత్రమైన వాసన వస్తుంది: కిరోసిన్ డబ్బా మూత తీసినప్పుడు దూరం నుంచి తగిలే వాసన లాంటిది. మొదటిసారి పసిగట్టినవాళ్లు సీసా పాడైందనుకుంటారు. పాడవ్వలేదు. వయసొచ్చిన రీస్లింగ్‌కి అది సహజ లక్షణం, అలవాటయ్యాక దానికోసమే వెతుకుతారు.

గెవుర్త్స్‌ట్రామినెర్ పేరు పలకడమే పెద్ద పని. గెవుర్త్స్ అంటే జర్మన్‌లో మసాలా దినుసు. ట్రామినెర్ అనేది ఇప్పుడు ఇటలీలో ఉన్న ట్రామిన్ ఊరి పేరు మీద వచ్చింది. కాయ తొక్క ఆకుపచ్చగా ఉండదు, లేత గులాబీ రంగులో ఉంటుంది. గ్లాసు ముక్కు దగ్గరికి తేకముందే లిచీ పండు, గులాబీ రేకులు, అల్లం వాసనలు ముంచెత్తుతాయి. కళ్లు మూసుకుని వాసన చూసి, ఇది అదే అని మొదటి రోజే చెప్పగలిగే ద్రాక్ష ఇదొక్కటే. పులుపు తక్కువ, ఆల్కహాల్ ఎక్కువ, 14 శాతం దాకా సులువుగా వెళ్తుంది. తరచుగా కొంచెం తీపి మిగిలి ఉంటుంది.

పినో గ్రీ అనేది ఎర్రవైన్ ద్రాక్ష పినో న్వార్‌కి రంగు మారిన రూపం. ఇటలీలో పినో గ్రీజో పేరుతో తేలిగ్గా, నీళ్లలా చేసేది ఇదే ద్రాక్షతో. అల్సాస్‌లో మాత్రం చిక్కగా, తేనె రంగులో, ఎండుపండ్లు, కాల్చిన పుట్టగొడుగుల వాసనతో వస్తుంది. పాత సీసాల మీద టోకే అని కనిపిస్తుంది. హంగరీలో టోకాయ్ అనే ప్రసిద్ధ వైన్ ఉంది కాబట్టి గందరగోళం వద్దని ఆ పేరు వాడకం 2007 నుంచి ఆపేశారు.

మస్కా గురించి ఒక్క మాట చెప్పాలి. ఇతర దేశాల్లో మస్కట్ అంటే తియ్యటి వైన్. అల్సాస్‌లో దాన్ని ఎక్కువగా డ్రైగా చేస్తారు. తాజా ద్రాక్షపండు కొరికినట్టే ఉంటుంది. వైన్‌లో ద్రాక్ష వాసన నేరుగా వచ్చేది ఇందులోనే.

రోజువారీ బల్ల మీదికి పినో బ్లాఁ, సిల్వానెర్. పినో బ్లాఁ అని రాసిన సీసాలో ఓక్సెర్వా అనే దాని బంధువు ద్రాక్ష కూడా ఉండొచ్చు, ఒక్కోసారి పూర్తిగా అదే ఉంటుంది. నూరు శాతం నియమానికి ఉన్న సడలింపు ఇది. ఎర్రవైన్‌కి పినో న్వార్ ఒక్కటే. ఒకప్పుడు రోజే అనే గులాబీ రంగు వైన్‌లా లేతగా ఉండేది. వేసవులు వేడెక్కడంతో ఇప్పుడు బాగా పండుతోంది, 2022 పంట నుంచి హెంగ్స్ట్, కిర్ష్‌బెర్గ్ ద బార్ తోటల పినో న్వార్‌కి, మేటి తోటలకిచ్చే గ్రాఁ క్రూ హోదా దక్కింది.

4. లేబుల్‌ని ఈ వరుసలో చదవండి

మొదట చిన్న చరిత్ర, లేకపోతే పేర్లు అర్థం కావు. 1871లో యుద్ధం ఓడి ఫ్రాన్స్ అల్సాస్‌ని జర్మనీకి వదులుకుంది. 1918లో తిరిగి వచ్చింది. 1940లో నాజీలు కలిపేసుకున్నారు, యుద్ధం చివర్లో మళ్లీ ఫ్రాన్స్‌కి వచ్చింది. డెబ్బై అయిదేళ్లలో ఒక ముసలమ్మ ఊరు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారింది. 1944-45 చలికాలంలో కోల్మార్ చుట్టూ జరిగిన పోరులో బెన్వీర్, సిగోల్‌స్‌హైమ్, అమ్మెర్ష్‌వీర్ లాంటి ద్రాక్ష ఊళ్లు దాదాపు నేలమట్టమయ్యాయి. పక్కనున్న రిక్‌వీర్ బతికి బయటపడింది. అందుకే రిక్‌వీర్‌లో 16వ శతాబ్దపు చెక్క ఇళ్లు కనిపిస్తే, బెన్వీర్‌లో యుద్ధం తర్వాత కట్టిన ఇళ్లు కనిపిస్తాయి. ఊళ్ల పేర్లు జర్మన్, పాలన ఫ్రెంచ్, సీసా ఆకారం రైన్ నది ఆచారం.

ఇక లేబుల్.

ముందు ప్రాంతం హోదా చూడండి. మూడే ఉన్నాయి. మామూలు అల్సాస్ హోదా 1962లో వచ్చింది. బోర్డో, బర్గండీ లాంటి వేరే ఫ్రెంచ్ వైన్ ప్రాంతాలకి అంతకు పాతికేళ్ల ముందే వచ్చాయి, యుద్ధాల మూలంగా ఇక్కడ ఆలస్యమైంది. అల్సాస్ గ్రాఁ క్రూ 1975లో మొదలైంది, తొలి తోట ష్లోస్‌బెర్గే. ఇప్పుడు 51 తోటలకి ఆ హోదా ఉంది, చివరిదైన కేఫెర్‌కోఫ్ 2007లో చేరింది. మూడోది బుడగల వైన్, క్రేమాఁ దాల్సాస్, 1976 నుంచి. ఇది కూడా షాంపేన్ లాగే సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేసేది, ధర మాత్రం షాంపేన్ కంటే బాగా తక్కువ. మొదటి సీసా ఏది కొనాలని నన్నడిగినవాళ్లకి నేను చెప్పేది ఎక్కువగా ఇదే.

తర్వాత ద్రాక్ష పేరు. పేరు లేకుండా ఎడెల్‌త్స్విక్కెర్ అని ఉంటే అది పలు తెల్ల ద్రాక్షల కలగలుపు, తేలికైన రోజువారీ వైన్. గ్రాఁ క్రూ సీసాల్లో సాధారణంగా రీస్లింగ్, గెవుర్త్స్‌ట్రామినెర్, పినో గ్రీ, మస్కా ఈ నాలుగే ఉంటాయి. మిట్టెల్‌బెర్గ్‌హైమ్‌లోని త్సోట్సెన్‌బెర్గ్ తోటలో సిల్వానెర్‌కి కూడా అనుమతి ఉంది, ఆ ఊరివాళ్లు దానికోసం పట్టుబట్టి సాధించుకున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, నన్ను ఆ రోజు దెబ్బతీసిన ప్రశ్న: తీపా, కాదా? 2021 పంట నుంచి మామూలు అల్సాస్, గ్రాఁ క్రూ తెల్లవైన్ల లేబుల్ మీద తీపి స్థాయి తెలియజేయడం తప్పనిసరి చేశారు. నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. సెక్ అంటే డ్రై, లీటరుకి మామూలుగా 4 గ్రాముల లోపు చక్కెర. పులుపు బాగా ఉంటే 9 దాకా కూడా ఈ మాట వాడొచ్చు, ఎందుకంటే ఆ పులుపులో తీపి నాలుకకి తెలియదు. దెమీ-సెక్ అంటే కొంచెం తీపి, సుమారు 12 గ్రాముల దాకా. మ్వెలో అంటే స్పష్టమైన తీపి, 45 దాకా. దూ అంటే ఆపైన. కొందరు మాటకి బదులు ఒక గీత గీసి దాని మీద గుర్తు పెడతారు. 2021కి ముందు సీసా అయితే దుకాణంలో తప్పకుండా అడగండి, లేదా ఆల్కహాల్ శాతం చూడండి. అదే ద్రాక్షకి ఆల్కహాల్ మరీ తక్కువగా ఉంటే పులియకుండా మిగిలిన చక్కెర ఉండే అవకాశం ఎక్కువ. ఇది గట్టి నియమం కాదు, ఆనవాలు మాత్రమే.

చివరగా రెండు పెద్ద మాటలు. వాందాంజ్ తార్దీవ్ అంటే ఆలస్యపు కోత. సెలెక్సియోఁ ద గ్రాఁ నోబ్ల్ అంటే బోట్రైటిస్ అనే మంచి బూజు పట్టి ఎండు ద్రాక్షలా ముడుచుకున్న కాయల్ని ఏరి చేసింది. ఈ రెండు పేర్లకీ 1984లో చట్టబద్ధమైన నియమాలు వచ్చాయి. అక్టోబర్ పొద్దున్నే రైన్ మైదానం నుంచి మంచు లేచి కాయని తడిపి, మధ్యాహ్నం ఎండ వచ్చి ఆరబెడితేనే ఆ బూజు మేలు చేస్తుంది. రోజంతా తడి ఉంటే అదే బూజు పంటని కుళ్లబెడుతుంది. మొదటి మెట్టులో చెప్పిన వాననీడ లేకపోతే ఈ వైన్లు లేవు. రెండోది చాలా అరుదు, చాలా ఖరీదు, ఒక చిన్న గ్లాసే ఒక మిఠాయి.

5. కొనేటప్పుడు

మన దగ్గర దిగుమతి సుంకాల వల్ల ఫ్రెంచ్ వైన్ ధర చుక్కలంటుతుంది, అల్సాస్ సీసాలు దొరికేది కూడా పెద్ద నగరాల్లోనే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండాకే మద్యం కొనాలన్నది మరిచిపోకండి. యూరప్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లకి పని సులువు.

రెండు సీసాలతో మొదలుపెట్టండి: ఒక సెక్ రీస్లింగ్, ఒక గెవుర్త్స్‌ట్రామినెర్. ఇవి రెండూ ఈ ప్రాంతానికి రెండు కొసలు. గ్రాఁ క్రూ జోలికి వెంటనే వెళ్లొద్దు. గ్రాఁ క్రూ అన్న మాట ఉన్నంత మాత్రాన మీకు నచ్చుతుందని కాదు, మామూలు సీసాతో ఆ ద్రాక్ష స్వభావం తెలిశాకే ఆ తోట ఏం మార్చిందో పట్టుకోగలరు. రిబోవిలే ఊళ్లో 1626 నుంచి ఉన్న త్రింబాక్, రిక్‌వీర్‌లో 1639 నుంచి ఉన్న ఉగెల్ సంస్థల మామూలు రీస్లింగ్‌లు చాలా దేశాల్లో దొరుకుతాయి, రెండూ డ్రై పద్ధతివే. చిక్కటి, పండిన శైలి కావాలంటే ట్యుర్క్‌హైమ్ దగ్గరి జిండ్-హుంబ్రెష్ట్. మాస్టర్ ఆఫ్ వైన్ అనే పెద్ద వైన్ పట్టాని ఫ్రాన్స్‌లో తొలిసారి పొందిన ఒలివియే హుంబ్రెష్ట్ ఆ ఇంటివాడే. సహకార సంఘాల సీసాల్ని కూడా తక్కువ చేయకండి. ఇక్కడ సహకార పద్ధతి 19వ శతాబ్దం చివరి నుంచే ఉంది, వాటి క్రేమాఁ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది.

6. చల్లార్చడం, పోయడం

తెల్లవైన్లకి 8 నుంచి 10 డిగ్రీలు, మంచి గ్రాఁ క్రూకి ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువున్నా ఫరవాలేదు. క్రేమాఁకి 6 నుంచి 8. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, నేరుగా తీసి పోస్తే వాసన బిగుసుకుపోతుంది. చల్లటి దేశంలో ఇరవై నిమిషాల ముందు బయట పెట్టాలి. మే నెల విజయవాడలో అయిదు నిమిషాలు చాలు, ఆపైన ఐసు నీళ్ల గిన్నె పక్కన ఉండాల్సిందే.

సీసా అడుగున గానీ బిరడా కింద గానీ కలకండ పొడిలా మెరిసే చిన్న పలుకులు కనిపిస్తే కంగారు పడొద్దు. గాజు ముక్కలు కావు, చక్కెర కాదు. ద్రాక్షలోని సహజమైన పులుపు చలికి గడ్డకట్టి అలా పేరుకుంటుంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా, ఇసుకలా ఉంటుంది. నెమ్మదిగా పోస్తే అడుగునే ఉండిపోతాయి.

రెండు మూడు సీసాలు ఒకేసారి రుచి చూస్తుంటే డ్రై ముందు, వాసన ఘాటుగా ఉన్నది తర్వాత, తీపిది చివర. తలకిందులుగా తాగితే గెవుర్త్స్‌ట్రామినెర్ తర్వాత పాపం రీస్లింగ్ ఉత్త నిమ్మరసంలా అనిపిస్తుంది.

7. మన వంటతో జత

అల్సాస్ ఇంటి వంట అంటే పులియబెట్టిన క్యాబేజీ, పంది మాంసం కలిపి వండే షూక్రూత్, పల్చటి రొట్టె మీద క్రీమ్, ఉల్లి వేసి కాల్చే తార్త్ ఫ్లాంబే, ఘాటైన వాసన వేసే మున్‌స్టెర్ చీజ్. వాటి జతలు వాళ్లకి తరతరాలుగా తెలుసు. మన వంటకి జత మనమే వెతుక్కోవాలి. నేను వండి, పక్కన పెట్టుకుని చూసినవి చెబుతాను.

కారం ఉన్నచోట ఆల్కహాల్ మంటని పెంచుతుంది, తీపి తగ్గిస్తుంది. ఇదొక్కటి గుర్తుంటే సగం తప్పులు తప్పుతాయి. అందుకే కారంగా ఉండే కోడివేపుడికి గెవుర్త్స్‌ట్రామినెర్ కంటే దెమీ-సెక్ రీస్లింగ్ నయం. గెవుర్త్స్‌ట్రామినెర్ మసాలా వైన్ అని అన్ని చోట్లా రాస్తారు కానీ అది మసాలా సువాసనకి జత, మిరపకారానికి కాదు. యాలకులు, లవంగాలు, పుదీనా, వేయించిన ఉల్లిపాయల పరిమళమున్న దమ్ బిర్యానీ పక్కన పెట్టి చూడండి, రెండూ ఒకదాన్నొకటి పైకి లేపుతాయి.

చింతపండు పులుపు మొండిది. చేపల పులుసు పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పబడిపోతుంది. అక్కడ రీస్లింగ్ తప్ప ఇంకోటి నిలబడలేదు, అది కూడా కొంచెం తీపి ఉన్నదే. నిమ్మకాయ పిండుకుని తినే చేపల వేపుడికి మాత్రం సెక్ రీస్లింగ్, అందులో సందేహం లేదు. ఉల్లి పకోడీ, చెక్కలు లాంటి నూనెలో వేగిన ఉప్పటి కరకరలకి క్రేమాఁ. దాని బుడగలు, పులుపు కలిసి నోట్లో నూనెని కడిగేస్తాయి. పుట్టగొడుగుల కూర, జీడిపప్పు గ్రేవీలకి పినో గ్రీ. గోంగూర, ఆవకాయల పక్కన ఏ వైన్నీ పెట్టకండి. వాటి ముందు ఎంత ఖరీదైన సీసా అయినా మూగబోతుంది.

8. వీలైతే ఒక్కసారి అక్కడికి వెళ్లండి

పారిస్ తూర్పు స్టేషన్ నుంచి స్ట్రాస్‌బూర్‌కి వేగపు రైలు రెండు గంటల లోపే చేరుస్తుంది. అక్కడి నుంచి కోల్మార్ అరగంట. 1953లో మొదలైన అల్సాస్ వైన్ దారి 170 కిలోమీటర్లు, ఊరి తర్వాత ఊరు తోటల మధ్య నుంచే వెళ్తుంది. ఒక్కరోజే ఉంటే కోల్మార్‌లో దిగి రిక్‌వీర్, కైజెర్స్‌బెర్గ్, ఎగిస్‌హైమ్‌లలో రెండు చూడండి, మూడూ చూడాలని పరుగెత్తొద్దు. డిసెంబర్‌లో క్రిస్మస్ సంతల రద్దీ విపరీతం. సెప్టెంబర్‌లో కోతలు, రైతులకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మే, జూన్ నెలలు హాయిగా ఉంటాయి.

రైతు ఇంటికి వెళ్లే ముందు ఫోన్ చేసి వెళ్లడం మర్యాద. రుచి చూసి ఉమ్మడానికి గిన్నె పెడతారు, అందులో ఉమ్మితే ఎవరూ తప్పుగా అనుకోరు, నిజానికి శ్రద్ధగా రుచి చూస్తున్నారని సంతోషిస్తారు. బండి నడిపేవాళ్లు తప్పనిసరిగా అదే చేయాలి. నేలమాళిగ చూపించమని అడగండి. చాలా ఇళ్లలో తరాల నాటి పెద్ద పెద్ద కోలగుండ్రటి చెక్క పీపాలు ఇంకా వాడుకలో ఉన్నాయి. లోపల గోడలకి దశాబ్దాల పులుపు పలుకులు గడ్డకట్టి ఉండటంతో చెక్క వాసన వైన్‌కి అంటదు. స్ట్రాస్‌బూర్‌లో పాత ఆసుపత్రి కింద 1395 నాటి నేలమాళిగ ఉంది. అందులో ఒక పీపా నిండా 1472 నాటి తెల్లవైన్ ఇప్పటికీ దాచి ఉంచారు.

9. ఒక సీసా దాచిపెట్టండి

సున్నపు నేలలో పండిన గ్రాఁ క్రూ సెక్ రీస్లింగ్ దొరికితే రెండు సీసాలు కొనండి. ఒకటి ఇప్పుడే తాగి, ఎలా ఉందో నాలుగు మాటలు కాగితం మీద రాసుకోండి. రెండోదాన్ని అడ్డంగా పడుకోబెట్టి, వెలుతురు లేని, 12 డిగ్రీలకి దగ్గరగా ఉండే చోట పెట్టండి. అటక మీదా, వంటగదిలోనూ వద్దు. మన ఊళ్లలో అయితే వైన్ ఫ్రిజ్ లేకుండా ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది, ఒక్క వేసవికే సీసా ఉడికిపోతుంది. ఎనిమిది, పదేళ్లకి తీసి, పాత కాగితం పక్కన పెట్టుకుని పోయండి. రంగు ఎండుగడ్డి నుంచి బంగారానికి తిరిగి ఉంటుంది, నిమ్మ వెనక్కి వెళ్లి తేనె ముందుకొస్తుంది, గ్లాసు పైన ఆ కిరోసిన్ వాసన సన్నగా తేలుతుంటుంది.

ఆ పూట పక్కన చేపల వేపుడు ఉంటే ఇంకా మంచిది.